నలుగురు కూర్చుంటేనే సంగీతం

అమలాపురంలో యానాం బస్సెక్కితే అరగంటలో ముమ్మిడివరం వస్తుంది. దారి పొడుగునా కాలవలు, కొబ్బరితోటలు, కొబ్బరి నీడన అరటి, కంద, అక్కడక్కడ పనస. ఊళ్ళో దిగగానే ఎవరైనా ముందుగా చెప్పేది బాలయోగి ఆశ్రమం సంగతి. ఒకప్పుడు శివరాత్రి వచ్చిందంటే, మౌనంగా తపస్సులో కూర్చున్న ఆ యోగిని చూడడానికి జనం తండోపతండాలుగా వచ్చేవారు. 1985లో ఆయన సమాధి చెందారు. ఆశ్రమానికి యాత్రికులు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు.

మరి కాస్త ముందుకు పోతే మురమళ్ళ. అక్కడి వీరేశ్వరస్వామికి ఏటా ఒక్కసారి కాదు, నిత్యమూ కల్యాణమే! పెళ్ళన్నాక సన్నాయి, డోలు ఉండాలి గదా. అది ఆరుబయటి సంగీతం. గాలివాటున ఎంత దూరమైనా పోతుంది.

ఇంకా ముందుకు సాగి, ఎదుర్లంక దగ్గర గౌతమి దాటితే యానాం. 2002లో వంతెన వచ్చేవరకూ అక్కడ రేవు దాటడమే గతి. యానాం మీదుగా ద్రాక్షారామం చేరుకుంటే అది రెండో సంగీతానికి పుట్టిల్లు. వీణ చేత పాట పాడించిన ఈమని శంకరశాస్త్రిగారు 1922లో పుట్టింది అక్కడే. ఆయన శిష్యుడు చిట్టిబాబుగారిది కాకినాడ. పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణ విని రవీంద్రనాథ ఠాకూరు శాంతినికేతనానికి ఆహ్వానించారంటే, గోదావరి ఒడ్డు వీణ ఎంతటిదో ఊహించుకోవచ్చు. వీణ గదిలో వాద్యం. దగ్గరగా కూర్చుంటే గాని, మీటు తరవాత నాదం సన్నబడుతూ పోయే ఆ చివరి జీర చెవికి అందదు.

ఈ రెండు ఊళ్ళకీ ముందే వచ్చే ముమ్మిడివరంలో నాకొక మిత్రుడున్నాడు. హైస్కూలు మాస్టారు. ఆయన కుమార్తె డిగ్రీ ఆఖరి సంవత్సరం. చిన్నప్పటినుంచీ వీణ నేర్చుకుంటోంది. ఆ సాయంకాలం మాకోసం వాయించింది. పక్కన తంబురా లేదు, మృదంగం లేదు. శ్రుతీ తాళమూ ఫోనులోనే! పిల్ల చక్కగా వాయించింది. కాని ఒకచోట ఉత్సాహం వచ్చి స్వరకల్పన ఇంకో ఆవర్తం పొడిగించబోయి, తోడు వచ్చేవారెవరూ లేక ఆగిపోయింది. ఫోను తాళం తప్పదు. నిజమే. కాని వినదు, నవ్వదు, ‘‘భేష్’’ అనదు.

కాఫీలయ్యాక మిత్రుడు అసలు సంగతి ఎత్తేడు.

‘‘మాస్టారూ, ఇది యూనివర్సిటీకి వెళ్ళి ఎం.ఏ. సంగీతం చదువుతానంటోందండీ. ఇంట్లో కూర్చుని నేర్చుకునే విద్యకి యూనివర్సిటీ ఎందుకండీ? పోనీ అది చదివితే ఉద్యోగం వస్తుందా?’’

మూల కూర్చున్న వాళ్ళమ్మగారు, ‘‘ఆయ్, పెళ్ళిచూపుల్లో వాయించడానికి ఈ మాత్రం చాలదేంటండీ?’’ అన్నారు. పిల్ల ముఖం చిన్నబోయింది.

ఉద్యోగం మాట నేను హామీ ఇవ్వలేనన్నాను. మొదటి ప్రశ్నకి మాత్రం జవాబుంది. అదే పాఠకులకూ మనవి చేస్తున్నాను.

పాశ్చాత్యులు చాంబర్ మ్యూజిక్ అనేది ఇటువంటి గది సంగీతమే. రెండు వయొలిన్లు, ఒక వయొలా, ఒక చెల్లో: ఇవి నాలుగూ కూడితే క్వార్టెట్. దానికి హైడన్ (1732–1809) పెట్టిన ఒరవడి నేటికీ సాగుతోంది. బెత్తం ఊపి నడిపించే నాయకుడుండడు. ఒకరి ఊపిరి ఒకరు కనిపెట్టుకుని వాయించాలి. అక్కడి సంగీత విద్యాలయాల్లో ఈ నలుగురినీ ఒక జట్టుగా కూర్చోబెట్టి పాఠం చెబుతారు. కాగితం మీద స్వరం అందరికీ ఒకటే. ఎక్కడ బిగించాలి, ఎక్కడ విడవాలి, ఎవరు ముందుండాలి, ఎవరు తగ్గాలి అన్నదే చదువు.

మన కచ్చేరీకీ నాయకుడి బెత్తం లేదు. పైగా మనకు సగం సంగీతం అప్పటికప్పుడు పుట్టేది. పాటగాడు అన్న స్వరాన్ని వయొలిను అందుకోవాలి. మృదంగం దాని పోకడ ముందే పసిగట్టాలి. ఆ వయొలినే మనకి పరాయి వాద్యం. బాలుస్వామి దీక్షితులు (1786–1858) చెన్నపట్నంలో పాశ్చాత్య పద్ధతిలో నేర్చి, మన రాగానికి దాన్ని మచ్చిక చేశారు.

ఆ వయొలిను మన కళాశాలలో ఎంత వైభవం చూసిందో విజయనగరం చెబుతుంది. 1919లో అక్కడ మహారాజావారి సంగీత కళాశాల వెలసింది. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. అక్కడే ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిను ఆచార్యులై, 1936లో అధ్యక్షులయ్యారు. 1952లో యెహుది మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు నాయుడుగారి వాదన విని ముగ్ధుడైనది ఏ పెద్ద హాలులోనో కాదు, న్యాయమూర్తి పి. వి. రాజమన్నారుగారి ఇంట్లో!

ఇక నా విషయంలోకి వస్తాను. తెలుగు చెప్పుకునేవాణ్ణి కనుక నాకు సాహిత్యం మీదనే చూపు. త్యాగయ్యగారి కృతి వాయించే వైణికురాలు నోరు విప్పకపోయినా, మీటు అక్షరం మీద పడాలి. వయొలినులో కమాను మార్చేచోటు మాట విరిచే చోటు కాకూడదు. పదవిభాగం తెలియని చేయి, పద్యాన్ని తప్పుగా విరిచి చదివిన విద్యార్థి వంటిది. ఒకే కృతికి పాఠాంతరాలెన్నో. ఏది ఎందుకు ఎంచుకున్నావో చెప్పగలగాలి. గురువుగారి ఇంట్లో ‘‘ఇలా వాయించు’’ అంటే శిరసావహిస్తాం. ‘‘ఎందుకు?’’ అని అడగడానికి విశ్వవిద్యాలయం చోటిస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలోనూ సంగీత శాఖలున్నాయి.

అంతకన్నా పెద్ద లాభం మరొకటుంది. ముమ్మిడివరంలో పిల్లకి గురువు దొరికారు. తన వయసు మృదంగం, తన వయసు వయొలిను దొరకలేదు. రోజూ సాయంకాలం పక్కన కూర్చుని తగువులాడి, తప్పు పట్టి, మెచ్చుకునే ఈడువారు దొరికేది కళాశాలలో. ఇదే సీమలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన బాలమురళీకృష్ణగారి తండ్రి వేణువు, తల్లి వీణ వాయించేవారు. అయినా ఆయన విద్య పండింది బెజవాడలో, పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారి దగ్గర. తరవాత అక్కడి ప్రభుత్వ సంగీత కళాశాలకి ఆయనే తొలి ప్రిన్సిపాలు.

అయితే ఒక లోటు చెప్పక తప్పదు. మన పరీక్షల్లో మార్కులు సాధారణంగా ఎవరివి వారికే. గాత్రానికి ఇన్ని, వీణకి ఇన్ని. పక్కవాణ్ణి వింటూ, సందు ఇచ్చి, పడిపోబోయే తాళాన్ని ఒడుపుగా నిలబెట్టినవాడికి ఏ గడిలో మార్కు వేస్తారు? నలుగురు విద్యార్థులను ఏడాది పొడుగునా ఒక జట్టుగా కూర్చోబెట్టి, ఆ జట్టుకే మార్కులిచ్చే పేపరొకటి పెట్టడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. గది కావాలి, చాప కావాలి, వినే ఆచార్యుడు కావాలి.

మిత్రుడు అంతా విని, ‘‘అయితే దానికి కావలసింది తోడన్నమాట!’’ అన్నాడు. వాళ్ళమ్మగారు మారుమాట అనకుండా వీణకి గుడ్డ కప్పి, ‘‘హాస్టలు ఫీజెంతవుద్దో కనుక్కోరా ముందు,’’ అన్నారు.