ఎండ దిగాక విశాఖ

హైదరాబాదు నుంచి విశాఖకు బదిలీ మీద వచ్చేవాళ్లకి ఎండంటే లెక్క ఉండదు. నలభై రెండు డిగ్రీలు చూసినవాళ్లం, ముప్పై అయిదు మనల్నేం చేస్తుందిలే అన్న ధీమా. అక్కడి ఎండ పొడిది. నీడలోకి జరిగితే, కూలర్ ముందు కూర్చుంటే వదిలేస్తుంది. ఇక్కడ గాలి నిండా సముద్రమే. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! కూలరూ అదే సూత్రం మీద నడిచే యంత్రం కాబట్టి, లారీలో వేయించుకుని తెచ్చుకున్న మా కూలర్ ఇక్కడ గదిలో తేమ పెంచే పని మాత్రం శ్రద్ధగా చేసింది. ప్రస్తుతం దాని మీద పిల్లల బొమ్మలుంటున్నాయి.

మాకు ఆరేళ్ల అమ్మాయి, మూడేళ్ల అబ్బాయి. కొత్త ఊరు వాళ్లకి చూపించాలి. చూడదగ్గ ప్రదేశాల జాబితాలన్నీ చేతులూపుకుంటూ నడిచే పెద్దవాళ్ల కోసం రాసినవే. పొద్దున్న కైలాసగిరి, పదకొండింటికి జూ, భోజనాలయ్యాక తొట్లకొండ! బౌద్ధ భిక్షువులు ఆ కొండ మీద విహారాలు కట్టుకున్నది ప్రశాంతంగా ధ్యానం చేసుకోవడానికి. మిట్టమధ్యాహ్నం ఏడ్చే పిల్లాణ్ణి చంకనేసుకుని ఆ రాళ్ల మధ్య తిరిగితే చరిత్ర ఒక్క ముక్క కూడా బుర్రకెక్కదు.

ఈ ఊళ్లో ఎక్కడికి వెళ్తామన్నదాని కంటే ఎప్పుడు వెళ్తామన్నదే ముఖ్యం. మామూలు రోజుల్లో పొద్దెక్కాక సముద్రపు గాలి తిరిగి కాస్త ఊరటనిస్తుంది. పడమటి గాలి బలంగా వీచే రోజున అదీ ఉండదు. అలాంటి రోజు ఒక ఆటో ఆయన, "ఈ ఎండకి గుంటల్నేసుకుని ఏటికి బాబూ? సాయంత్రం రండి" అని తన బేరం తనే పోగొట్టుకున్నాడు. ఆయన మాట మాకు శిరోధార్యమైంది.

సాయంత్రం ఆర్కే బీచ్‌కి ఒక సుఖం ఉంది. తూర్పు తీరం కదా, పొద్దు మన వీపు వెనక ఊరి వైపు దిగిపోతుంది, ఎండ కంట్లో కొట్టదు. అరేబియా ఒడ్డున ఊళ్లవాళ్లకి సూర్యాస్తమయం ఉంటే మాకు నీడ ఉంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఏది మేలో అడగక్కర్లేదు. నీళ్లలో మాత్రం చీలమండ దాటనివ్వం, అక్కడి అల వెనక్కి లాగే జోరు అలాంటిది. కాగితం పొట్లంలో మురీ మిక్చర్, అబ్బాయిది కారం లేకుండా. దూరంగా పోర్టులో చోటు కోసం లంగరేసుకుని ఎదురుచూసే ఓడల్లో దీపాలు వెలుగుతుంటే, ఇద్దరూ లెక్కపెట్టడం, పోట్లాడుకోవడం, మళ్లీ మొదటికి రావడం.

వాళ్లు మనసుపడ్డ అసలు చోటు కుర్సురా. (సోమవారం సెలవు. చిన్నపిల్లల్ని ఆశపెట్టే ముందు వారం చూసుకోవాలి.) సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధం చూసి, 2001లో విరమించి, ఆ మరుసటేడు ఇసుక మీద మ్యూజియంగా స్థిరపడ్డ జలాంతర్గామి. పొడవు తొంభై మీటర్ల పైమాటే, వెడల్పు మాత్రం అడక్కండి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి తలుపులు. పెద్దవాళ్లం ముందు కాలు, తర్వాత నడుం, చివర్న తల దూర్చి అవస్థపడుతుంటే పిల్లలు కన్నంలో ఎలుకల్లా చకచకా దూరిపోయారు. టార్పెడోల పక్కనే నావికులు పడుకునే బల్లలు! సముద్రంలో ఉన్నన్నాళ్లూ మంచినీళ్లు తాగడానికీ వంటకే గానీ స్నానానికి దొరకవని అక్కడాయన చెబితే మావాడి మొహం వెలిగిపోయింది. పెద్దయ్యాక ఏమవుతావని ఎవరడిగినా ఇప్పుడు వాడి దగ్గర జవాబుంది.

అదే బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ ఊరి మీద వేసిన బాంబుల్లో పేలనిదొకటి అక్కడుంది. తర్వాతెప్పుడో బొర్రా గుహలకి రైల్లో వెళ్తుంటే అది గుర్తొచ్చింది. ఆ కిరండుల్ లైను అరవైల్లో వేసింది బైలదిలా ఇనుప ఖనిజాన్ని ఇక్కడికి దింపి జపానుకి ఎగుమతి చెయ్యడానికే, అదీ జపాను సహకారంతో. బాంబు వేసిన పాతికేళ్లకి బేరం! పిల్లలకి ఈ గొడవంతా ఎందుకు? సొరంగం రాగానే కేకలెయ్యాలి, ఎదురొచ్చే గూడ్సుకి చెయ్యూపాలి. అసలు గుహల్లోకి దిగేసరికి ఇద్దరూ మా భుజాల మీద నిద్రపోయారు. బొర్రాలో చల్లదనమంతా మేమే అనుభవించాం.

ఇప్పుడు ఇంట్లో రోజూ ఒకటే ప్రశ్న, డిసెంబరు 4 ఇంకెన్నాళ్లని. నేవీ డే వేడుక ఇక్కడ జరిగే ఏడాది బీచ్‌లో యుద్ధనౌకలు, హెలికాప్టర్ల విన్యాసాలుంటాయని పక్కింటి పిన్నిగారు చెప్పారు. ముందు వరసలో చోటు కావాలంటే మధ్యాహ్నమే వెళ్లి కూర్చోవాలిట. డిసెంబరే కదా, కూర్చుంటాం.