తలుపుమీది రెండు మాటలు

అమెరికాలోనున్న మా మనుమడు నిరుడు అక్టోబరు 31వ తేదీని అస్థిపంజరపు ఉడుపు ధరించి, ఫోనులో కనబడి, “తాతా, భయపడితివా?” అని అడిగెను. ఆ రాత్రి పిల్లలు దయ్యముల వేషములతో ఇంటింటి తలుపు తట్టుదురు. ఇంటివారు తలుపు తీసి మిఠాయిలు పెట్టుదురు. హాలోవీన్ అను ఆ పండుగ ఐర్లండు, స్కాట్లండుల నుండి వలసపోయినవారితో 19వ శతాబ్దిలో అమెరికాకు చేరినది. ఐర్లండులో టర్నిప్ దుంపను తొలిచి దీపముంచెడివారు. అమెరికాలో దానికి మారుగా గుమ్మడికాయ దొరికినది. దిష్టికి గుమ్మడికాయ కట్టుట, ఆయుధపూజనాడు పగులగొట్టుట మనకును క్రొత్త గాదు గదా!

“భయమైనది నాయనా” అంటిని. కాని నాకు జ్ఞప్తికి వచ్చినది వేరొక రాత్రి.

వేషములకు మా పావగడ తాలూకాలో కొదువ లేదు. నా బాల్యమున దసరా దినములలో పగటివేషగాండ్రు వచ్చెడివారు. కన్నడిగులు వారిని హగలువేషదవరందురు. వీథిలో కన్నడ పద్యము పాడి, మా అరుగుమీద కూర్చుండి తెలుగున మజ్జిగ అడిగెడివారు. ఒకమారు రాక్షసవేషము చూచి నేను అవ్వ కొంగుచాటున దాగితిని. మజ్జిగ త్రాగునప్పుడు మూతిరంగు చెదరి లోపలి మనిషి కనబడెను. నా భయము అంతటితో తీరెను.

1990 దశకమున వచ్చిన దయ్యమునకు వేషము లేదు. రాత్రివేళ అది అయినవారి గొంతుతో పిలుచుననియు, పలికినవాడు చచ్చుననియు కర్ణాటకమున వదంతి ప్రబలెను. తలుపుమీద ‘నాళె బా’, అనగా రేపు రా, అని వ్రాసినచో చదువుకొని మరలిపోవునట. ఆంధ్రదేశమున అదియే ‘ఓ స్త్రీ రేపు రా’ ఆయెను. దాదాపు చుట్టును ఆంధ్ర సరిహద్దే గల తాలూకా మాది. ఆ దయ్యము ఏ భాష చదువుకొన్నదో ఎవరికెరుక? గుమస్తాను గనుక నాకు దస్తూరి కుదురు. సుద్దముక్కతో రెండు భాషలలోను మా తలుపుమీదను, ఇరుగుపొరుగుల తలుపులమీదను వ్రాసిపెట్టితిని. నవ్వుచునే వ్రాసితిని గాని, నమ్మక వ్రాసితినని చెప్పజాలను.

ఒక రాత్రి తలుపు తట్టిన చప్పుడాయెను. “అన్నా, తలుపు తీయన్నా, బిడ్డకి జ్వరమన్నా” అని ఆడుగొంతు. అది పొరుగింటి ఆమె గొంతేనని తెలిసెను. తెలిసినందుననే భయము హెచ్చెను. లేవబోయిన నా భార్యను చేయిపట్టి ఆపితిని. ఆమె మూడుమారులు పిలిచి వెడలిపోయెను.

భర్త ఊరలేడు. బిడ్డను భుజాన వేసికొని చీకటిలో ఒంటరిగా నడిచి ఆమె వైద్యుని యింటికి చేరినదని తెల్లవారిన పిమ్మట తెలిసినది. బిడ్డ బ్రదికెను. ఆమె నన్ను నిందింపలేదు. మా తలుపు వైపు చూచి, “ఇది నీ రాతే కదన్నా” అని మాత్రము అనెను. ఆ దినమే తడిగుడ్డతో రెండు భాషలను తుడిచివేసితిని.

పిల్లలకు దయ్యపు కథలు చెప్పవలదని నేననను. తలుపు తట్టునది మనిషియేనని కూడ వారికి చెప్పవలయును. మా మనుమని నేనొక్కటే అడిగితిని: “ఎన్నిండ్లలో తలుపు తీసిరిరా?”

“తట్టిన ఇండ్లన్నీ తీసిరి తాతా!” అనెను.