సైకిలెక్కి మా ఊరికి... రాత్రంతా ఆరని దీపంతో!

రాత్రి పదకొండు కావస్తోంది. నకిరేకల్ దాటి సూర్యాపేట వైపు వెళ్తున్నాం. ఆకాశం నిండా చుక్కలే తప్ప చంద్రుడి జాడ లేదు. లారీలు హోరుమంటూ పక్కనుంచి దూసుకుపోతున్నాయి. ఉన్నట్టుండి నా సైకిలు లైటు ఆరిపోయింది. కళ్ల ముందు నల్లటి తెర దించినట్టయింది. అదే క్షణంలో వెనక నుంచి మేనల్లుడి కేక... ‘‘మామయ్యా, లారీ! ఆగు!’’

రెండు బ్రేకులూ గట్టిగా పట్టేశాను. వాడి లైటు వెలుగులో అప్పుడు కనిపించింది... రోడ్డు అంచున ఆగి ఉన్న లారీ. వెనక ఎర్ర దీపం లేదు. రిఫ్లెక్టర్ల నిండా దుమ్ము. నా ముందు చక్రానికీ దాని బంపరుకీ మధ్య రెండు బారల దూరం కూడా లేదు!

హైదరాబాద్ నుంచి నందిగామ దగ్గరున్న మా ఊరికి సైకిలు మీద వెళ్లాలన్న కోరిక అక్కడే ముగిసిపోయేదే.

నాన్న కాలు... డైనమో లైటు

నలభై దాటాక నాకు సైకిలు పిచ్చి పట్టుకుంది. మొదట్లో ఆదివారాలు గండిపేట దాకా. తర్వాత ‘బ్రెవే’ అనే దూరప్రయాణాలు. ఇందులో పోటీ ఉండదు, గడువు మాత్రం ఉంటుంది. 200 కిలోమీటర్లయితే పదమూడున్నర గంటలు, 300 అయితే 20 గంటలు. చీకటి పడితే ముందూ వెనకా లైట్లు, మెరిసే జాకెట్టు తప్పనిసరి. ఆ అలవాటుతోనే ‘ఈసారి ఊరికి సైకిలు మీదే’ అనుకున్నాను. అక్క కొడుకు ‘నేనూ వస్తా మామయ్యా’ అన్నాడు. ఎల్బీనగర్ నుంచి సుమారు 215 కిలోమీటర్లు. పగలైతే ఎండ, ఊళ్ల దగ్గర రద్దీ. అందుకే సాయంత్రం బయల్దేరి తెల్లారేసరికి చేరాలన్నది మా ఆలోచన.

ఫోన్లో చెప్పగానే నాన్న ఒక్కటే మాట అన్నారు. ‘‘రాత్రిపూట సైకిలా? వద్దురా.’’

ఆయన అలా అనడానికి కారణం ఉంది. నాన్న బడిపంతులు. రోజూ సైకిలు మీదే బడికి వెళ్లొచ్చేవారు. ముందు టైరుకి ఆనుకుని గిర్రున తిరిగే డైనమో, హ్యాండిల్ మీద గుండ్రటి లైటు. 1987లో ఓ రాత్రి కల్వర్టు దగ్గర చైను ఊడితే ఆగి వేసుకుంటున్నారు. డైనమోతో వచ్చిన చిక్కే అది... చక్రం తిరిగితేనే వెలుగు, ఆగితే చీకటి. వెనకొచ్చిన ట్రాక్టరు డ్రైవరుకి ఆయన కనిపించలేదు. ప్రాణం దక్కింది కానీ ఎడమ కాలు అప్పటినుంచీ కుంటే.

‘‘ఇప్పుడు లైట్లు మారాయి నాన్నా’’ అన్నాను. ‘‘ఏం మారాయో తెచ్చి చూపించు’’ అని ఫోన్ పెట్టేశారు.

పెట్టె మీద అంకెలు నమ్మొద్దు!

లైటు కొనడంలో నేనూ మోసపోయాను. ఆన్‌లైన్లో చవగ్గా వచ్చిందని మొదట ఒకటి తెప్పించాను. వేల ల్యూమెన్ల వెలుగు, 9,900 ఎంఏహెచ్ బ్యాటరీ అని పెట్టె మీద రాసుంది. కాలనీలో నాలుగు చుట్లు కొట్టేసరికే నీరసించింది. తర్వాత తెలిసింది... ఈ లైట్లలో ఎక్కువగా వాడేది 18650 అనే లిథియం సెల్. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. మంచి రకాల్లో సాధారణంగా దొరికేది 3,500 ఎంఏహెచ్ దాకానే. ఒక్క సెల్‌కే 9,900 అని రాశారంటే అది శుద్ధ అబద్ధం.

రెండోసారి 1,400 రూపాయలు పెట్టి 400 ల్యూమెన్ల లైటు కొన్నాను. వీధి దీపాలున్న చోట వంద ల్యూమెన్లు చాలు. హైవే మీద 200 నుంచి 400 ఉంటే హాయిగా వెళ్లొచ్చు. అంతకన్నా ముఖ్యం, ఆ వెలుగు ఎక్కడ పడుతోందన్నది. టార్చిలా గుండ్రంగా చిమ్మే లైటు సగం వెలుగుని చెట్ల కొమ్మల మీదా, ఎదురొచ్చేవాళ్ల కళ్లలోనూ పోస్తుంది. జర్మనీ నిబంధనల ప్రకారం తయారయ్యే లైట్లలో కారు డిమ్‌ లైటు మాదిరి పైభాగం కత్తిరించినట్టు ఉండి, వెలుగంతా రోడ్డు మీదే పరుచుకుంటుంది. మేనల్లుడిది అలాంటిదే. మామూలు లైటైతే కాస్త కిందికి వంచి బిగించుకుంటే చాలు.

వెనక్కి ఎర్ర లైట్లు రెండు... కలిపి 700. ఒకటి ఛార్జింగ్‌ది, రెండోది పెన్సిల్ సెల్స్‌ది. ఒకటి నిలకడగా వెలగాలి. అప్పుడే వెనకొచ్చే డ్రైవరుకి మనం ఎంత దూరంలో ఉన్నామో అంచనాకి అందుతుంది. రెండోది మిణుకుతుంటే చూపు ఇటు తిప్పుతుంది. నిజానికి హైవే మీద మనం చూడటానికి ఎంత వెలుగు కావాలో, మనం కనిపించడానికీ అంతే కావాలి.

దారి పొడవునా...

మొన్న ఫిబ్రవరిలో ఓ శనివారం సాయంత్రం ఐదింటికి ఎల్బీనగర్లో బయల్దేరాం. హయత్‌నగర్ దాటాక రద్దీ పలచబడింది. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర లైట్లు వేసుకున్నాం. చౌటుప్పల్లో టీ తాగి పంతంగి టోల్‌గేట్ చేరాం. కార్లన్నీ వరుసకట్టి ఉంటే మేం ఎడమ పక్క నుంచి దర్జాగా వెళ్లిపోయాం. సైకిలుకి టోల్ లేదుగా! నార్కట్‌పల్లిలో రోటీలు తిని, లైటుకి పవర్ బ్యాంకు తగిలించి మళ్లీ రోడ్డెక్కాం. చలిగాలి, పొలాల మీదుగా తడి మట్టి వాసన... ఇంత హాయి బస్సు కిటికీలోంచి ఎప్పుడూ తెలియలేదు.

ఆ హాయిలోనే ఏమరుపాటు. నకిరేకల్ దగ్గర స్పీడ్ బ్రేకర్ల కుదుపులకి కేబుల్ ఊడింది. బ్యాటరీ అయిపోతోందని చెప్పే ఎర్ర చుక్కని రబ్బరు మూత కప్పేసింది. నేనేమో లైటుని ఫుల్లులో పెట్టుకుని ధీమాగా తొక్కుతున్నాను. లిథియం బ్యాటరీ పాత టార్చిలా మెల్లగా మసకబారకపోవచ్చు. ఛార్జింగ్ మరీ తగ్గితే లోపలి రక్షణ సర్క్యూట్ టక్కున ఆపేస్తుంది. అదిగో, అప్పుడే ఆ లారీ!

సూర్యాపేటలో లెక్కలు

పన్నెండున్నరకి సూర్యాపేట. బస్సులాగే హోటల్ ఒకటి తెరిచి ఉంది. ప్లగ్గు పాయింటు అడిగితే కౌంటర్లో ఆయన విసుక్కోకుండా చూపించాడు. నా చేతులింకా వణుకుతూనే ఉన్నాయి. మేనల్లుడు టిష్యూ కాగితం మీద లెక్క వేశాడు.

‘‘చూడు మామయ్యా, నీ లైటు ఫుల్లులో సుమారు ఐదు వాట్లు తాగుతుంది. లోపలి బ్యాటరీ 11 వాట్ అవర్లు. అంటే రెండు గంటలు. మధ్య రకం వెలుగులో రెండు వాట్లే. అదే బ్యాటరీ ఐదు గంటలు వస్తుంది. రాత్రేమో 12 గంటలు. రెండు వాట్ల చొప్పున 24 వాట్ అవర్లు కావాలి. పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకంటే 3.7 వోల్టులతో గుణిస్తే 37. నష్టాలు పోగా 30 దాకా చేతికొస్తుంది. రాత్రంతా వెళ్లొచ్చు. కాకపోతే ఫుల్లులో పెట్టకూడదు!’’

వెలుగు ఎంతన్నది కాదు, ఎంతసేపన్నదే అసలు లెక్క. బల్లపరుపు రోడ్డుకి మధ్య రకం, పల్లాల్లో వేగం పెరిగితేనే ఫుల్లు. ఇంకో సంగతి... కొన్ని లైట్లు ఛార్జింగ్ పెడితే వెలగవు. కొనేముందే ఇది అడగాలి. ఎంత ఉన్నా జేబులో చిన్న టార్చి ఒకటి ఉండాల్సిందే. పెన్సిల్ సెల్స్ అయితే ఏ పల్లెటూరి కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి.

డైనమో పాతబడిపోయిందనీ అనుకోకండి. ఇప్పుడది చక్రం ఇరుసులో ఇమిడిపోయింది. పాతదానిలాగే 6 వోల్టులు, 3 వాట్లే. కానీ ఎల్‌ఈడీ అదే కరెంటుతో పాత బల్బుకన్నా ఎన్నో రెట్లు వెలుగిస్తుంది. పైగా మంచి లైట్లలో కెపాసిటర్ ఉండటంతో సైకిలు ఆగినా కొన్ని నిమిషాలు వెలుగుతూనే ఉంటుంది. ఖరీదే ఎక్కువ. నాన్న సైకిలుకి ఆ రోజు ఆ కాస్త సదుపాయం ఉండి ఉంటే..?

కేబుల్‌ని హ్యాండిల్‌కి టేపుతో చుట్టి బయల్దేరాం. ఊరు దాటగానే దురాజ్‌పల్లి గట్టు. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే లింగమంతుల జాతరకి ఈ రోడ్డే కిక్కిరిసిపోతుంది. ఆ రాత్రి మాత్రం కుక్కల మొరుగుళ్లు తప్ప చప్పుడు లేదు. మునగాల, కోదాడ వెనకబడ్డాయి. 2024 సెప్టెంబరు వరదలకి గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతిని ఈ దారి ఆగిపోయినప్పుడు టీవీలో చూశాం. ఇప్పుడు అదే వంతెన మీదుగా నిశ్శబ్దంగా ఆంధ్రాలోకి వచ్చేశాం. జగ్గయ్యపేట దాటేసరికి గాలిలో మిరప ఘాటు. కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు తెలతెలవారే వెలుగులో కనిపిస్తుంటే తెలిసింది... ఇల్లొచ్చేసిందని!

ఆగినా వెలుగుతోందే!

నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నారు. రాత్రంతా నిద్రపోలేదని అమ్మ చెప్పింది. మనవడి వీపు తట్టి, కర్ర ఊతంతో నా సైకిలు చుట్టూ ఓసారి తిరిగారు. గోడకి ఆనించిన సైకిలుకి వెనక ఎర్ర లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. కాసేపు దాన్నే చూశారు.

‘‘ఆగినా వెలుగుతోందే!’’

లారీ సంగతి దాచలేదు. అంతా విన్నారు. ‘‘మరి తిరిగెళ్లేటప్పుడు?’’ అన్నారు. ‘‘బస్సులో నాన్నా, సైకిళ్లు డిక్కీలో వేస్తాం’’ అన్నాను. అప్పటికి ఆయన మొహం తేటపడింది.

నాన్న రోజూ చీకటితో లేచి రోడ్డు వెంబడి పాలకేంద్రానికి నడిచి వెళ్తారు. ఆ సాయంత్రం బస్సెక్కేముందు పెన్సిల్ సెల్స్ లైటుని విప్పి ఆయన చేతికర్రకి బిగించాను. వద్దంటారేమో అనుకున్నా. మీట ఎక్కడుందో అడిగి, రెండుసార్లు వేసి ఆర్పి చూసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే అమ్మ ఫోన్. ‘‘మీ నాన్న ఎంత దూరం వెళ్లారో గుమ్మంలోంచే తెలుస్తోందిరా!’’