గోడలో బజారు

బే-కోమో రేవు నుంచి ఉత్తరంగా బయల్దేరే 389వ నంబరు రోడ్డు అడవులూ సరస్సులూ దాటుకుంటూ పోయి, దాదాపు 570 కిలోమీటర్ల తర్వాత పక్కనున్న లాబ్రడార్ ప్రాంతపు సరిహద్దు దగ్గర తేలుతుంది. కొంత తారు, కొంత కంకర. దారిలో చెప్పుకోదగ్గ ఊరు లేదు. బంకు కనబడితే ట్యాంకు సగం ఉన్నా సరే, నింపుకోవాల్సిందే. ఆ రోడ్డు చివర, కెనడాలోని క్యూబెక్ రాష్ట్రపు ఈశాన్య మూలన, ఫెర్మాంట్ అనే ఇనుప గని ఊరుంది. 2016 జనాభా లెక్కల్లో అక్కడ రెండున్నర వేల మంది కూడా లేరు. చలికాలం సుమారు ఏడు నెలలు. అలాంటి చోట, గాలికి అడ్డంగా కట్టిన గోడలాంటి పొడవాటి కట్టడంలో ఒక ఇండోర్ మాల్ 1970ల నుంచీ బతికే ఉందంటే చూడాలనిపించింది.

మాంట్రియల్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు బండి తీశాడు. నాకు ఫ్రెంచి రాదు, ఆ ఊళ్లో వినిపించేదంతా ఫ్రెంచే. కాబట్టి వాడే డ్రైవరు, వాడే దుబాసీ.

నేను సింగరేణిలో చేసి రిటైరైనవాణ్ణి. గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాక బెల్లంపల్లి బజారు ఎలా చిన్నబోయిందో దగ్గర్నుంచి చూశాను. గని ఊళ్లో కొట్టు పెట్టుకున్నవాడి బతుకు ఎవరి చేతిలో ఉంటుందో నాకు కొంత తెలుసు. గడ్డకట్టే చలి కూడా తోడైతే ఆ లెక్క మారుతుందా అన్నదే నా ప్రశ్న.

దారిలోనే సగం జవాబు దొరికింది. రెండొందల కిలోమీటర్లు పోయాక మానిక్-5 అనే జలవిద్యుత్ కేంద్రం దగ్గర డేనియల్ జాన్సన్ డ్యామ్ వచ్చింది. ఎత్తు 214 మీటర్లు, పొడవు 1,314 మీటర్లు. "ఈ పొడవు గుర్తుపెట్టుకో మామా, మనం చూడబోయే గోడ కూడా ఇంచుమించు ఇంతే" అన్నాడు మావాడు. ఇంకా పైకి పోతే, అడవి మధ్యలో రోడ్డు ఉన్నట్టుండి రెండుగా చీలి, నడుమ డివైడరు లేచింది. పక్కన మంచు తొలగిన చోట ఫుట్‌పాత్ అంచు కనిపించింది. ఇల్లు లేదు, దీపస్తంభం లేదు. అది గాన్యాఁ అనే ఊరి పెద్దబజారు. 1960లో ఇనుప గని కోసం పుట్టి, 1985లో మూతపడింది. చర్చి, బడి, ఇళ్లు అన్నీ నేలమట్టం చేసి వెళ్లారు. మెయిన్ రోడ్డు ఒక్కటే హైవేలో కలిసి మిగిలింది. ఆ ఊరికీ ఇదే చలి. దాన్ని మూసింది మాత్రం చలి కాదు.

ఫెర్మాంట్ గని మాంట్ రైట్ మీద ఉంది. అక్కడి రాయిలో ఇనుము ముప్ఫై శాతం ప్రాంతం. దాన్ని శుద్ధిచేసి అరవై ఐదు దాటించి, నాలుగొందల కిలోమీటర్లకు పైగా సొంత రైలుదారిలో పోర్ట్-కార్టియే రేవుకు పంపుతారు. క్యూబెక్ కార్టియే మైనింగ్ కంపెనీ గనితోపాటే 1970ల మొదట్లో ఊరినీ కట్టింది. ఇప్పుడా గని ఆర్సెలర్‌మిట్టల్ చేతిలో ఉంది.

గోడ దూరం నుంచి చూస్తే మామూలు అపార్ట్‌మెంట్ల వరసే. దగ్గరికి పోయేకొద్దీ ఆ వరస ఎంతకీ తెగదు. 1.3 కిలోమీటర్ల పొడవు, ఐదంతస్తుల ఎత్తు, మధ్యలో వంపు తిరిగి బాణం ములుకులా గాలి వచ్చే దిక్కుకు ఎదురుగా నిలబడి ఉంటుంది. మారిస్ దెనువాయే, నార్బర్ట్ షూనవర్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు గీసిన నమూనా. గాలిని పెద్ద కట్టడం అడ్డుకుంటుంది, దాని వెనక తక్కువ ఎత్తు ఇళ్లు హాయిగా ఉంటాయి, ఇదీ వాళ్ల ఆలోచన. మేం గోడకు బయటి వైపు దిగినప్పుడు మైనస్ 27. పొడి మంచు నేలబారుగా ఎగిరొచ్చి మొహానికి ఇసుకలా కొట్టింది. చుట్టూ తిరిగి ఇవతలికి వస్తే అదే చలి, కానీ గాలి లేదు. పిల్లలు మంచుగుట్ట మీదినుంచి జారుతున్నారు. నిలిపిన కార్ల ముందు బంపర్లలోంచి కరెంటు ప్లగ్గులు వేలాడుతున్నాయి. రాత్రిళ్లు ఇంజనుకు హీటరు తగిలించకపోతే పొద్దున బండి కదలదు.

గోడలోని మాల్‌లోకి రెండు తలుపులు దాటి పోవాలి. మొదటిది మూసుకున్నాకే రెండోది తెరవడం మర్యాద. తలుపుల నడుమ గరుకు చాపల మీద బూట్లు దులుపుకోవాలి. లోపల అడుగుపెట్టగానే కళ్లద్దాలు ఆవిరి పట్టేశాయి. అద్దాలు తుడుచుకుని ఒక కొట్టు తలుపు పిడి పట్టుకున్నానో లేదో, చిటుక్కుమని షాక్. బయటి చలిగాలిలో తేమ చాలా తక్కువ. ఆ గాలినే వేడిచేసి లోపలికి వదిలితే మరింత పొడిబారుతుంది. ఉన్ని బట్టలతో నాలుగడుగులు వేస్తే చాలు, ఒంట్లో కరెంటు పుడుతుంది. పక్కనే ఉన్న పెద్దాయన నవ్వి, తాళంచెవి తీసి ముందు దాన్ని పిడికి ఆనించి చూపించాడు. నిప్పురవ్వ తాళంచెవి మీద రాలింది, ఆయన వేళ్లకేమీ కాలేదు.

మాల్ అనగానే హైదరాబాద్‌లో కనిపించే గాజు మేడలు ఊహించుకోవద్దు. పొడవాటి నడవ, తక్కువ ఎత్తు కప్పు, అటూ ఇటూ కొట్లు. సూపర్‌మార్కెట్, హోటలు, రెస్టారెంట్లు, బార్లు. కొన్ని షట్టర్లు దించి ఉన్నాయి. సూపర్‌మార్కెట్‌లో అరటిపండ్లు కనిపించాయి. అవి వచ్చిన దారి తలుచుకుంటే ధర ఎక్కువ అనడానికి నోరు రాలేదు. తాజా సరుకంతా లారీల మీదే రావాలి. తుఫానుకు రోడ్డు మూస్తే ముందు ఆకుకూరల అర ఖాళీ అవుతుందట.

నన్ను ఆపింది మాత్రం కొట్లు కాదు. నడవలో కూర్చున్న కాసేపట్లోనే తడి జుట్టుతో, భుజాన తువ్వాళ్లతో పిల్లల గుంపు ఒకటి మా ముందునుంచి పోయింది. బయట మైనస్ 27, వీళ్లేమో ఈత కొట్టి వస్తున్నారు. ఈతకొలను గోడలోనే ఉంది, బడీ గోడలోనే ఉంది. ఎన్నో కుటుంబాల కాపురాలు కూడా అందులోనే. గనికి పోయేవాళ్లు తప్ప మిగతావాళ్లు చలికాలమంతా గడప దాటకుండా గడపవచ్చన్నది ఈ ఊరి గురించి అందరూ చెప్పే మాట. చూశాక నాకు ముఖ్యమనిపించింది వేరు. ఆ నడవలో నడిచేవాళ్లలో చాలామంది ఏదీ కొనడానికి రాలేదు. బడికో, ఈతకో, ఇంటికో పోతున్నారు. పోతూ పోతూ ఒక కాఫీయో, పాల డబ్బాయో కొంటున్నారు.

అమెరికా చిన్న పట్టణాల్లోని మాల్స్‌కు ఈ భాగ్యం లేదు. నాలుగు గోడల మధ్య, ఒకే కప్పు కింద మాల్ అన్న నమూనాను 1956లో మినెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ పక్కనున్న ఈడైనాలో, విక్టర్ గ్రూయెన్ నిలబెట్టాడు. సౌత్‌డేల్ దాని పేరు. అక్కడా కారణం చలే. వియన్నాలో పుట్టిన గ్రూయెన్ దుకాణాల చుట్టూ ఇళ్లు, బడి, ఆస్పత్రి, పార్కు కూడా రావాలని కోరుకున్నాడు. పెట్టుబడిదారులు దుకాణాలూ పార్కింగూ తీసుకుని మిగతాది వదిలేశారు. తన ఆలోచనకు పట్టిన గతి చూసి చివరికాలంలో ఆయనే మాల్స్‌ను తిట్టిపోశాడు. ఆ నమూనాలో రెండు మూలలా రెండు పెద్ద స్టోర్లు జనాన్ని లాగుతాయి, మధ్యలో చిన్న కొట్లు వాటి నీడన బతుకుతాయి. అలాంటి పెద్ద స్టోర్లు నడిపే సియర్స్ 2018లో దివాలా తీసింది. అదే ఏడు ఉత్తరాది పట్టణాల్లో పేరున్న హెర్బర్గర్స్ స్టోర్లు మూతపడ్డాయి. 2020లో జేసీ పెన్నీ కూడా దివాలా కోర్టు మెట్లెక్కింది. పెద్ద స్టోరు పోయిన చోట నడవ ఖాళీ, నడవ ఖాళీ అయితే చిన్న కొట్టుకు అద్దె గిట్టదు.

ఫెర్మాంట్‌లో ఆ పెద్ద స్టోరు పని బడి, ఈతకొలను చేస్తున్నాయి. వాటికి ఆన్‌లైన్ పోటీ లేదు. ఒక బట్టల కొట్టు మూతపడితే ఒక షట్టరు దిగుతుందంతే, నడవలో అడుగులు తగ్గవు. ఈ మెలకువ ఆ ఆర్కిటెక్టులకు స్వీడన్ నుంచి వచ్చింది. ఇంగ్లండ్‌లో పుట్టి స్వీడన్‌లో స్థిరపడ్డ రాల్ఫ్ ఎర్‌స్కిన్ 1955లోనే, సౌత్‌డేల్ కన్నా ముందే, లూలియో పట్టణంలో కప్పున్న బజారు కట్టాడు. తర్వాత స్వాపావారా అనే గని ఊళ్లో గాలికి అడ్డంగా పొడవాటి ఇళ్ల గోడ లేపాడు. ఫెర్మాంట్ గోడకు పెద్దన్న అదే. అయితే ఆ పెద్దన్న కథ సుఖాంతం కాలేదు. గని మూతపడి జనం తగ్గాక, చివరికి ఆ కట్టడంలో చాలా భాగం కూల్చేశారు.

ఇంకో కథ కెనడాలోనే, మానిటోబా ఉత్తరాన లీఫ్ రాపిడ్స్‌లో ఉంది. ఫెర్మాంట్ ఈడుదే. అక్కడ బడి, ఆరోగ్య కేంద్రం, హోటలు, కొట్లు అన్నీ టౌన్ సెంటర్ అనే ఒకే కట్టడంలో పెట్టారు. నమూనాలో వంక పెట్టడానికేమీ లేదు. 2002లో రుట్టన్ గని మూతపడింది. రెండు వేలు దాటిన జనాభా కొన్ని వందలకు జారింది. అదే కప్పు, అదే వేడి, అదే చలి. కొనేవాళ్లే లేరు. అంటే ఒకే కప్పు కింద అన్నీ పెట్టడం మాల్‌ను మామూలు ఒడిదుడుకుల నుంచి కాపాడుతుంది. ఊరికి జీతం ఆగిన రోజు మాత్రం కాపాడలేదు.

ఫెర్మాంట్‌కూ ఆ సెగ తగిలింది. పక్కనే బ్లూమ్ లేక్ గని 2010లో మొదలైంది. ఇనుము ధర పడిపోయాక 2014 చివర్లో మూసేశారు. చేతులు మారి 2018లో మళ్లీ తెరుచుకుంది. చైనా ఉక్కు కొలుములు ఎంత ఖనిజం అడుగుతాయన్న దానిమీద ఇక్కడి నడవలో కాఫీ అమ్మకం ఆధారపడి ఉంటుంది.

నడవలో ఒక కొట్టావిడ మావాడితో చాలాసేపు మాట్లాడింది. చలి గురించి అడిగితే చెయ్యి విదిలించి నవ్వేసింది. సరిహద్దు అవతల, అరగంట దూరంలో లాబ్రడార్ సిటీ ఉంది, అక్కడ వాల్‌మార్ట్ ఉంది కదా అన్నాం. దానికీ పెద్దగా బెదరలేదు. అక్కడి గడియారం ఇక్కడికన్నా గంట ముందు నడుస్తుంది, పని దిగి బయల్దేరేసరికి వాళ్లు మూసే వేళవుతుందని ఎకసెక్కెం చేసింది. విమానాల మాట రాగానే ఆమె గొంతు మారింది. గనిలో పనిచేసేవాళ్లలో చాలామంది ఇప్పుడు ఇక్కడ కాపురం ఉండరు. దక్షిణాది పట్టణాల నుంచి వాబుష్ విమానాశ్రయంలో దిగుతారు, రెండేసి వారాలు పనిచేసి వెళ్లిపోతారు. కంపెనీ క్యాంపులోనే భోజనం, పడక. జీతం ఇక్కడిది, ఖర్చు వాళ్ల ఊళ్లో. వాళ్ల భార్యలు ఈ కొట్లో పిల్లలకు బూట్లు కొనరు, వాళ్ల పిల్లలు ఆ బడిలో చదవరు. "గని మూతపడితే అందరికీ తెలుస్తుంది. కాపురాలు తగ్గిపోతే ఎవరికీ తెలీదు" అంది. మావాడు తెలుగులో చెప్పినా ఆ మాట పదును పోలేదు. విమానాల్లో వచ్చిపోయే ఈ పద్ధతి మీద ఊరు చాలాకాలంగా గట్టిగానే గొడవపడుతోంది.

కంపెనీకి దాని లెక్క దానికుంది. కుటుంబానికి ఇల్లు, బడి, ఈతకొలను ఇవ్వడం కన్నా మనిషికి మంచం, టికెట్టు ఇవ్వడం తేలిక. 1970లలో గనికి మనుషులు రావాలంటే ఊరు కట్టక తప్పలేదు, ఊరు నిలవాలంటే గోడ కట్టక తప్పలేదు. ఇప్పుడు విమానం ఆ అవసరాన్ని తగ్గించింది. మాల్ ఎలా నడుస్తుందన్న ప్రశ్న కొట్ల చేతిలోంచి ఉద్యోగ నియామకాల గదిలోకి వెళ్లిపోయింది.

అందుకే చలి ఊళ్లలో చిన్న మాల్ నిలుస్తుందా అని ఎవరైనా అడిగితే నేను మూడు విషయాలు అడిగి తెలుసుకోమంటాను. కప్పు కింద కొట్లు కాక ఇంకేమున్నాయి? ఊళ్లో పని ఎన్నాళ్లు ఉంటుంది? ఆ పని చేసేవాళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటారు? ఫెర్మాంట్ మొదటిదాంట్లో ఫస్టు క్లాసు. రెండోదాంట్లో ఇనుము ధరతోపాటు లేచి పడుతూ నెగ్గుకొస్తోంది. మూడోదాంట్లోనే దాని జవాబు తడబడుతోంది. ఆ జవాబు కొట్ల మీది బోర్డుల్లో దొరకదు. ఒకటో తరగతిలో ఈ ఏడు ఎంతమంది చేరారో చూస్తే తెలుస్తుంది.