రెండు పేర్లున్నా కొండ ఒకటే అని కంప్యూటరుకు ఎవరు చెప్పాలి?

కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను మదనపల్లెలో హాస్టల్లో ఉండి కంప్యూటర్స్ చదువుతా ఉన్నా. మా తండా హార్స్లీ హిల్స్ కింద ఉంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఈ సెమిస్టర్‌లో నేర్చుకున్న ఒక విషయానికీ మన సర్టిఫికెట్ల కష్టానికీ దగ్గరి సంబంధం ఉందనిపించి రాస్తున్నా. దాని పేరు టైప్-సేఫ్ పబ్లిష్-సబ్‌స్క్రైబ్. పేరు చూసి భయపడొద్దు.

ఊర్లో దండోరా వేసే మనిషి ఇంటింటికీ పోయి తలుపు కొట్టడు. కూడలిలో నిలబడి డప్పు కొట్టి చెప్తాడు. ఎవరికి పనికొచ్చేది వాళ్లు వింటారు. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. చెప్పే సర్వీసు పబ్లిషర్, వినే సర్వీసు సబ్‌స్క్రైబర్, ఆ కూడలి పేరు టాపిక్. మధ్యలో మెసేజీలు దాచిపెట్టి అందించేది బ్రోకర్. లింక్డిన్ కంపెనీలో పుట్టి 2011లో ఓపెన్ సోర్స్‌గా బయటికొచ్చిన కాఫ్కా ఇట్లాంటిదే. రేపు ఇంకో పది సర్వీసులు వినడానికి వచ్చినా పబ్లిషర్ కోడ్ మార్చే పని లేదు. వినే సర్వీసు కాసేపు పడిపోయినా, లేచినాక ఆగిన చోటి నుంచి చదువుకుంటుంది.

అయితే ఒక ప్రమాదం ఉంది. బ్రోకర్ మెసేజీ లోపల ఏముందో చూడదు, మూట మోసే హమాలీ మాదిరి. మన మదనపల్లె టమాటా మార్కెట్‌నే తీసుకోండి. ధర కొందరు కిలోకి చెప్తారు, కొందరు పది కిలోలకి, కొందరు బాక్సుకి. ఒక సర్వీసు పది కిలోల ధర అనుకుని 300 అని పంపింది అనుకుందాం. వినే సర్వీసు దాన్ని కిలో ధర అనుకుంటే రైతు ఫోన్‌కు కిలో 300 అని పోతుంది. 2023 జులైలో ఇదే మార్కెట్లో కిలో రెండొందల దగ్గరికి పోయింది కదా, జనం నమ్మేస్తారు. అప్పుచేసి బండి మాట్లాడుకుని కాయ తెచ్చినాక తెలుస్తుంది, కిలో ముప్పై అని.

ఇది చిన్న కంపెనీలకే జరిగేది కాదు. 1999 సెప్టెంబరులో నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ ఇట్లాగే పోయింది. ఒక సాఫ్ట్‌వేర్ లెక్కను పౌండ్లలో ఇచ్చింది, ఇంకోటి దాన్ని న్యూటన్లు అనుకుని వాడింది. అంకె వచ్చింది, అర్థం రాలేదు.

టైప్-సేఫ్ అంటే ఈ అర్థాన్ని కూడా కట్టి పంపడం. ఈ టాపిక్‌లోకి వచ్చే మెసేజీ ఇట్లాగే ఉండాలని ముందే ఒక ఒప్పందం రాసుకుంటారు. దాన్ని స్కీమా అంటారు. ఉత్త అంకె కాకుండా ‘కిలోకి రూపాయలు’ అనే టైపు చేసుకుంటే, అందులో ‘బాక్సుకి రూపాయలు’ పెట్టబోయినప్పుడు కంపైలరే ఆపేస్తుంది. రైతు దాకా పోయి తెలియాల్సిన తప్పు, రాసేవాడి బల్ల మీదే తెలిసిపోతుంది. గూగుల్ 2008లో బయటపెట్టిన ప్రోటోకాల్ బఫర్స్, అపాచీ ఆవ్రో ఇట్లాంటి స్కీమాలు రాసుకోవడానికే. స్కీమా రిజిస్ట్రీ అని ఇంకోటి ఉంటుంది. ఎవరైనా స్కీమా మారిస్తే పాత సబ్‌స్క్రైబర్లు చదవగలరా లేదా అని అది చూసి, చదవలేరంటే ఒప్పుకోదు.

ఇప్పుడు మన సంగతికి వస్తా. హార్స్లీ హిల్స్‌ను పెద్దోళ్లు ఏనుగు మల్లమ్మ కొండ అంటారు. హార్స్లీ అనే కడప కలెక్టరు వచ్చి ఇల్లు కట్టుకున్నాక ఆయన పేరు పడింది. పేర్లు రెండు, కొండ ఒకటే. మాకూ అంతే. మన రాష్ట్రం ఎస్టీ లిస్టులో సుగాలీలు, లంబాడీలు, బంజారా ఒకే వరుసలో ఉంటాయి. మా హాస్టల్ తమ్ముడు ఒకడికి ఒక కాగితంలో సుగాలి అని, ఇంకో కాగితంలో లంబాడి అని ఉంది. స్కాలర్‌షిప్ నెలల తరబడి ఆగిపోయింది. కౌంటర్లో చెప్పింది ‘మిస్‌మ్యాచ్’ అనే ఒక్క మాటే. వాడు జిరాక్సులు పట్టుకుని తిరిగి తిరిగి, చదువు మానేసి బెంగళూరులో పనికి పోతా అన్నాడు. వాళ్లమ్మ కూలి డబ్బులు పంపి ఆపింది.

లోపల ఏ సర్వీసు ఏం చేసిందో బయటివాళ్లకు కనపడదు. కానీ కులం పేరును ఇష్టమొచ్చిన అక్షరాలుగా కాకుండా, మూడు పేర్లకూ ఒకే కోడ్ ఉన్న టైపుగా పెడితే ఈ బాధ రాదు. ఇది పెద్ద పరిశోధన కాదు, ఒక మధ్యాహ్నం పని.

టైపులు గట్టిగా పెట్టినంత మాత్రాన న్యాయం జరగదు, ఇది కూడా చెప్పాలి. ఇంటిపేరు లేని మనిషి ఉంటాడు. పుట్టిన తేదీ తెలియని అవ్వ ఉంటుంది. ‘ఇంటిపేరు తప్పనిసరి’ అని స్కీమాలో రాస్తే ఆ మనిషి మెసేజీ లోపలికే పోదు. అందుకే మంచి సిస్టమ్‌లో సరిపడని మెసేజీలను పారెయ్యరు. డెడ్ లెటర్ క్యూ అని వేరే వరుసలో పెడతారు, మనిషి ఒకడు చూసి తేల్చాలి. ఆ వరుసను రోజూ చూసే మనిషి లేకపోతే అది మన అర్జీలు పడేసే బీరువా అయిపోతుంది.

స్కీమా రాసే బల్ల దగ్గర మనోళ్లు ఉండాలి. సుగాలి, లంబాడి ఒకటే అని, యానాది అవ్వకు తేదీ తెలియదని చెప్పడానికి పుస్తకం అక్కర్లేదు, మన ఇళ్లే చాలు. కానీ ఆ బల్ల దాకా పోవడానికి ఈ చదువు కావాలి. కుప్పం, పుంగనూరు, మదనపల్లె హాస్టళ్లలో కంప్యూటర్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా అడగండి, నాకు వచ్చినంత నేర్పిస్తా. ఆదివారాలు ఖాళీగానే ఉంటా. ఆ తమ్ముడు ఇంకా హాస్టల్లోనే ఉన్నాడు, మొదటి క్లాసు వాడితోనే మొదలుపెడుతున్నా.