కదలని సిరా

వర్ణలేఖనమనగానే నాకు మొదట జ్ఞాపకం వచ్చేది నేను వ్రాసిన ఒక అబద్ధపు అంకె.

రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెత్ ఆకుల సారాన్ని సుద్దపొడి నింపిన గాజుగొట్టంలో పోసి, పచ్చదనంలో దాగిన పసుపు వన్నెలను వేరుచేశాడు. 1906లో ఆ పద్ధతికి నామకరణం చేశాడు. ఆయన ఇంటిపేరుకు రష్యన్ భాషలో రంగు అనే అర్థం!

మా ప్రయోగశాలలో వడపోత కాగితమే సాధనం. కలం సిరా చుక్క నీటితోపాటు పైకి ప్రాకి నీలంగా, ఊదాగా విచ్చుకొన్నది. ఆ ఉత్సాహంలో, ఉర్దూ ఖుష్‌నవీసీ అభ్యసిస్తున్న మిత్రుని దవాతులోని సియాహీని కూడ పరీక్షించాను. నీరు పై అంచుదాకా పోయినా చుక్క కదలలేదు. ప్రయోగం చెడినదనుకొని కాగితం పారవేశాను. చుక్క నడిచిన దూరాన్ని నీరు నడిచిన దూరంతో భాగించి వ్రాయవలసినచోట 0.62 అని కల్పించి వ్రాశాను.

అధ్యాపకులు కోప్పడలేదు. "కాగితమేది నాయనా?" అన్నారు. తల వంచుకొన్నాను. మిత్రుడే చెప్పాడు: అది వాళ్ల తాతగారు దీపపు మసిని తుమ్మబంకతో నూరి చేసిన సిరా. మసి నీటిలో కరగదు. కాగితపు పోగులలోనే చిక్కుకొంటుంది.

నేటి ద్రవ వర్ణలేఖన యంత్రాలు కొన్ని పదార్థాలను శతకోటి భాగాలలో ఒక భాగమున్నా పట్టగలవు. వాటిలోనికి ఎక్కించే ముందు కూడ ద్రావణాన్ని వడకట్టి కరగని రేణువులను తొలగిస్తారు.

ఆ సాయంత్రమే మరొక కాగితం తీసికొని ప్రయోగం తిరిగి చేశాను. 0.62ను కొట్టివేసి సున్న వ్రాశాను.