బాండ్లి అడుగున మిగిలింది

ఉయ్యాలవాడ అనగానే అందరికీ నరసింహారెడ్డి గుర్తొస్తాడు. 1847లో కోవెలకుంట్లలో ఆయన్ని ఉరి తీశారు. కాస్త పెద్దవాళ్ళయితే బుడ్డా వెంగళరెడ్డి పేరు కూడా చెబుతారు. 1866 కరువులో ఆకలితో వచ్చినవాళ్ళకు అన్నం పెట్టిన దాత. ఇద్దరి మీదా పాటలున్నాయి. చిన్నప్పటినుంచీ వింటున్నాను. కానీ ఆ కరువులో అంతమందికి పొయ్యిల ముందు కూర్చుని వండిందెవరు అనే ప్రశ్న నాకు ముప్పై ఏళ్ళు దాటేదాకా రాలేదు. సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి, అందులో వంటింటి మీద ఒక అధ్యాయం మొత్తం రాశాక కూడా రాలేదు. మటిక్కాయల తాలింపు మాడబెట్టిన రోజు వచ్చింది.

పోయిన సంవత్సరం అమ్మకు పక్షవాతం వచ్చింది. మాట మిగిలింది, కుడిచెయ్యి పడిపోయింది. తమ్ముడు బెంగుళూరు నుంచి ఫోన్ చేసి, "నువ్వుండావు కదక్కా" అన్నాడు. నేనున్నాను కాబట్టి సెలవు పెట్టి మూడు నెలలు ఊళ్ళో ఉన్నాను. అన్నం, పప్పు ఎలాగో నెట్టుకొచ్చాను. తాలింపు దగ్గరే ఇబ్బందంతా.

మా వైపు తాలింపంటే ఆవాలూ మిరపకాయలూ నూనెలో చిటపటలాడించడం కాదు. దాన్ని తిరగవాత అంటాం. కూరగాయ ముక్కల్ని తడి ఇగిరిపోయేదాకా నూనెలో మగ్గించి, వేయించి, చివర్లో కారం పొడో బుడ్డల పొడో చల్లి దించేది తాలింపు. జొన్నరొట్టెకు తోడుగా ఉండేది అదే. హైదరాబాద్ హాస్టల్లో చేరిన కొత్తలో "ఇవాళ ఏం తాలింపు?" అని అడిగితే, కృష్ణా జిల్లా అమ్మాయి "ఆవాలు, జీలకర్ర" అని జవాబిచ్చింది. గదంతా నవ్వింది. ఆ తర్వాత నేను "వేపుడు" అనడం నేర్చుకున్నాను. వెక్కిరింపుకు భయపడి వదులుకున్న మాటల్లో అదొకటి.

మటిక్కాయ అంటే గోరుచిక్కుడు. వానలు తక్కువైనా తట్టుకుని కాస్తుంది కాబట్టి మా నేలకు సరిపోయిన కాయ. రెండు కొసలూ గిల్లి, పీచు తీసి, చిన్నగా తుంచి, ఉప్పేసి ఉడికించి, నీళ్ళు వార్చాలి. ఆ తర్వాత బాండ్లిలో నూనె, ఉద్దిబ్యాళ్ళు, ఆవాలు, జిలకర, ఎండుమిరపకాయలు, దంచిన తెల్లగడ్డ, కరివేపాకు. అవి వేగినాక కాయ ముక్కలు.

"మూత పెట్టినావా?" వరండాలో మంచం మీదినుంచే అడిగింది అమ్మ.

"పెట్టినా మా."

"తీసెయ్ పాపా. నీళ్ళ సప్పుడు ఇనపడ్తాంది. ముందు ఇగరనీ."

ఆమె బాండ్లి చూడలేదు. చప్పుడు వింది. ముక్కలో తడి ఉన్నంతసేపూ దాని వేడి 100 డిగ్రీలు దాటదు, తడి పోయాకే అంచులు ఎర్రబడతాయి, మూతపెడితే ఆవిరంతా తిరిగి ముక్కల మీదే పడుతుంది. ఇదంతా నేను చదివిన సైన్సు. ఆమె అదే సంగతిని చెవితో తెలుసుకుంది. తడి ఉన్నప్పుడు బరువుగా బుసబుసమనే చప్పుడు, తడి పోయాక సన్నగా పొడిగా మారుతుంది. అప్పుడు మంట తగ్గించాలి. బుడ్డల పొడి చివర్న వెయ్యాలి. ముందేస్తే అది మాడి కూరంతా చేదెక్కుతుంది.

ఆరోజు సరిగ్గా ఆ సమయానికి ఒక సెమినార్ పేపర్ గురించి ఫోనొచ్చింది. అయిదు నిమిషాలు మాట్లాడాను. తిరిగొచ్చేసరికి బాండ్లి నల్లగా ఉంది.

అమ్మ తిట్టలేదు. "తాలింపు సంటిబిడ్డ లెక్క. పక్కన మనిషుండాల" అంది.

పులుసు పొయ్యి మీద పెట్టి వాకిలి ఊడ్చుకోవచ్చు. పప్పు ఉడికేలోగా బట్టలు జాడించుకోవచ్చు. తాలింపు మాత్రం మనిషిని పక్కనే నిలబెట్టుకుంటుంది. నూనెతోపాటు దానికి ఒకరి కాలం కూడా పొయ్యాలి. అందుకేనేమో, మా శనగచేలో కలుపుకొచ్చే ఆడవాళ్ళ సద్దిలో నాకు తాలింపు అరుదుగా కనబడేది. రొట్టెలోకి ఎర్రకారమో, ఊరిమిండో. నూరుకుంటే అయిపోతుంది. తెల్లారకముందే వండుకుని చేనికి రావలసిన మనిషికి పొయ్యి పక్కన నిలబడే తీరికెక్కడిది? వంటిల్లు ఆడవాళ్ళందరికీ ఒకటే అని రాసినప్పుడు ఈ తేడా నా కంటికి ఆనలేదు.

దీపం పథకం 1999లో మొదలై ఊళ్ళో గ్యాసు పొయ్యిలు కనిపించడం మొదలయ్యేదాకా మా ఇంట్లోనూ కందికట్టే. భగ్గున మండుతుంది, అంతలోనే చల్లబడుతుంది. ఒక చేత్తో గంటె తిప్పుతూ ఇంకో చేత్తో కట్టె ఎగదోస్తూ ఉండాలి. ఆ పొగలో కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్న అమ్మ నాకు బాగా గుర్తుంది. నేను గడపలోకి వస్తే, "నీకిక్కడేం పని? పోయి సదువుకోపో" అనేది.

చదువుకున్నాను. విమల గారి "వంటిల్లు" కవిత మీద, ఇల్లలుకుతూ తన పేరే మరిచిపోయిన గృహిణి గురించి సత్యవతి గారు రాసిన "ఇల్లలకగానే" కథ మీద పేజీలకు పేజీలు రాశాను. ఆ రచనలు నాకిచ్చిన కళ్ళు తక్కువవి కావు. ఈరోజుకీ వాటిలో ఒక్క మాటను కూడా కాదనను. కానీ వంటింటి నుంచి నేను బయటపడ్డానని గర్వపడుతున్నప్పుడు, నా వంతు వంట ఎవరు చేస్తున్నారో లెక్క చూసుకోలేదు.

ఇప్పుడు చూశాను. కాయ గిల్లడం నుంచి దించేదాకా ఒక తాలింపుకు నాకు గంట పట్టింది. అమ్మకు పెళ్ళయి 35 ఏళ్ళు. రోజుకొక గంట చొప్పున 12,775 గంటలు. ఇది ఒక్క కూర మాటే. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన కాలవినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారని, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఆ అంకెల్ని నేను క్లాసులో చాలాసార్లు చెప్పాను. అందులో మా అమ్మ ఉందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. నా సిద్ధాంత గ్రంథం మొదటి పేజీలో "అమ్మ ప్రేమకు" కృతజ్ఞతలు చెప్పాను. ప్రేమకు కాదు, గంటలకు చెప్పాల్సింది.

మాడిన బాండ్లిని బూడిదతో తోముతుంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో తాలింపు మొదట నాయన రొట్టె మీదికి పోయేది. తర్వాత తమ్ముడికీ నాకూ. అమ్మ ఆఖర్న బాండ్లిలోనే గుప్పెడన్నం వేసి, అడుగంతా తుడిచి కలుపుకుని, పొయ్యి పక్కనే కూర్చుని తినేది. పళ్ళెంలో తాలింపు పెట్టుకుని ఆమె తినగా నేను చూసిన గుర్తు లేదు.

రెండో నెలకు నా చేతికి కొంచెం పట్టు దొరికింది. నాయన కూడా మంచం పక్కన కూర్చుని మటిక్కాయలు గిల్లడం నేర్చుకున్నాడు. పొయ్యి దాకా రాలేదు. ఒకరోజు తాలింపు కుదిరింది. నాయన కంటే ముందు అమ్మకే పెట్టాలనుకున్నాను. పళ్ళెంలో అన్నం, పక్కన రెండు గంటెల తాలింపు పెట్టి తీసుకుపోయాను. లోపల ఏదో పెద్ద అన్యాయాన్ని సరిదిద్దుతున్నానన్న సంబరం కూడా ఉంది.

అమ్మ ఎడంచేత్తో రెండు ముద్దలు తిని, "ఉప్పు తక్కువైంది" అంది. కాసేపాగి, "బాండ్లి కడిగేసినావా?" అని అడిగింది.

"ల్యా. ఏం?"

"దాంట్లో ఇంత అన్నమేసుకొని రా."

నాకు కోపమొచ్చింది. "ఇంగా ఆ అడుగూ బొడుగూ ఎందుకు మా? పళ్ళెంలో పెట్టినా కదా!"

"రుసంతా అడుగునే ఉంటాది పాపా."

"మరి మాకెప్పుడూ పెట్టల్యా?"

"మీరెప్పుడూ అడగల్యా" అంది అమ్మ. అని ముసిముసిగా నవ్వింది.

ఆ నవ్వును ఎలా చదవాలో నాకిప్పటికీ తెలియదు. ఏళ్ళ తరబడి మిగిలిందే తిని, మిగిలిందాన్నే ఇష్టంగా మార్చుకుందా? లేక మేమెవరమూ చూడకుండా ఆ ఇంట్లో అన్నిటికంటే మంచి ముద్దను తనకోసం దాచుకుందా? మొదటిదే నిజమని పాత నేనైతే ఖాయంగా రాసేదాన్ని. రెండోదే నిజమని మురిసిపోయి రాసేవాళ్ళూ ఉంటారు. మా అమ్మ విషయంలో రెండూ నిజమేననిపిస్తోంది. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచే హక్కు నాకు లేదు.

బాండ్లిలో అన్నం వేసి, అంచులకు అంటుకున్న తెల్లగడ్డా పొడీ గీరి కలిపి, మంచం మీద మా ఇద్దరి మధ్యా పెట్టాను. ఆమె ఎడంచెయ్యి, నా కుడిచెయ్యి. ఆమె చెప్పింది నిజమే. ఉప్పు కూడా అడుగునే ఉంది.